గుణాత్మక డేటాతో పని, ఏడో పాఠం: కోడ్‌ల మధ్య సంబంధాలను రాసిపెట్టుకోవడం

పోయిన పాఠం దాకా ట్రాన్స్‌క్రిప్ట్ (ఇంటర్వ్యూలో మాట్లాడింది రాసిపెట్టుకున్న ప్రతి) చదవడం, అవసరమైన ముక్కను గుర్తుపెట్టడం, దానికి కోడ్, అంటే ఆ ముక్క దేని గురించో చెప్పే చిన్న పేరు, ఇవ్వడం చూశాం. ఆ అభ్యాసాలు చేసినవాళ్ల దగ్గర ఈపాటికి ముప్పయ్యో నలభయ్యో కోడ్‌లున్న జాబితా తయారై ఉండాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. జాబితాలోంచి పెద్ద కోడ్‌లు నాలుగు తీసి, ఒక్కోదాని కింద రెండేసి కొటేషన్లు అతికించి, ఫలితాల అధ్యాయం అయిపోయిందనుకుంటారు. చదివేవాళ్లకు మాత్రం "ఇవన్నీ ఉన్నాయి సరే, దేనికి దేనితో సంబంధం?" అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. దానికి జవాబు డేటాలోనే ఉంటుంది, మనం రాసిపెట్టుకోలేదు అంతే.

ఎందుకు రాసిపెట్టుకోలేదంటే, కోడింగ్ పద్ధతే అలాంటిది. మాట్లాడే మనిషి ఏదీ విడివిడిగా చెప్పరు. "అందుకే", "దాంతో", "అలా ఉన్నా కూడా" అంటూ ఒక విషయాన్ని ఇంకోదానికి ముడివేస్తూ చెబుతారు. మనం ఆ ముడికి అటున్న విషయానికి ఒక కోడ్, ఇటున్న విషయానికి ఒక కోడ్ పెడతాం, ముడి మాత్రం ఏ కోడ్‌లోకీ రాదు. నెల తర్వాత ఆ రెండు కోడ్‌లూ తెరిచి చూస్తే రెండు కుప్పలుగా ముక్కలు కనబడతాయి తప్ప, ఆ మనిషి వాటిని ఎందుకు కలిపి చెప్పారో కనబడదు. సంబంధాలను విడిగా నమోదు చేయడమంటే ఆ పోయిన ముడిని తిరిగి పట్టుకోవడమే, ఇది అలంకారంగా చివర్లో చేసే పని కాదు, విశ్లేషణలో సగం పని ఇదే అని నా నమ్మకం.

ఒక చిన్న ముక్కతో మొదలుపెడదాం

రాత్రి డ్యూటీలు చేసే నర్సులతో ఇంటర్వ్యూలు చేశామనుకోండి. ఈ కింది మాటలు పాఠం కోసం నేను అల్లినవి, ఎవరి ఇంటర్వ్యూ నుంచీ తీసినవి కావు.

"వరసగా నాలుగో రాత్రి అయ్యేసరికి కళ్లు మండిపోతుంటాయండి. అప్పుడు ప్రతి డోసూ రెండుసార్లు చూసుకుంటాను. సీనియర్ ఎవరైనా పక్కనుంటే మాత్రం అంత టెన్షన్ ఉండదు. కొత్తగా చేరినవాళ్లతో డ్యూటీ పడితే ఇంకా కష్టం, వాళ్ల పని కూడా నేనే చూసుకోవాలి కదా."

ఇందులో నేనైతే ఐదు కోడ్‌లు పెడతాను: నిద్రలేమి, రెండోసారి సరిచూసుకోవడం, సీనియర్ తోడు, టెన్షన్, కొత్తవాళ్ల బాధ్యత. మీ పేర్లు వేరే ఉండొచ్చు, ఫర్వాలేదు. ఇప్పుడు ముడుల సంగతి చూడండి. నిద్రలేమి వల్ల రెండోసారి సరిచూసుకుంటున్నారు, ఇది ఆవిడే చెప్పారు, "అప్పుడు" అన్న మాటతో. సీనియర్ తోడు టెన్షన్‌ను తగ్గిస్తుంది, ఇదీ ఆవిడే చెప్పారు, "పక్కనుంటే" అని షరతు పెట్టి మరీ. కొత్తవాళ్ల బాధ్యత టెన్షన్‌ను పెంచుతుందా? ఆవిడ "ఇంకా కష్టం" అన్నారు, టెన్షన్ అనలేదు. కష్టాన్ని టెన్షన్ కింద లెక్కవేయాలా అన్నది మనం తీసుకోవాల్సిన నిర్ణయం. ఇక నిద్రలేమి వల్ల టెన్షన్ వస్తుందన్న మాట ఆవిడ ఎక్కడా అనలేదు. "అంత టెన్షన్ ఉండదు" అన్నారు కాబట్టి అంతకుముందు చెప్పిన పరిస్థితిలో టెన్షన్ ఉందని మనం ఊహిస్తున్నాం. బాగా నమ్మదగిన ఊహే, కానీ ఊహే.

చూశారా, నాలుగు వాక్యాల్లో నాలుగు సంబంధాలు దొరికాయి, నాలుగింటి బలం ఒకటి కాదు. రెండు చెప్పినవి, ఒకటి సగం చెప్పింది, ఒకటి మనం చదువుకున్నది. ఈ పాఠంలో మీరు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే అయితే అది ఇదే: సంబంధం అనేది ఒక వాదన. ఎవరో ఒకరు అంటున్న మాట. ఎవరు అంటున్నారో, దేన్ని చూసి అంటున్నారో రాయకుండా రెండు కోడ్‌ల మధ్య గీత గీస్తే, ఆరు నెలల తర్వాత ఆ గీతను మీరే నమ్మలేరు, కొట్టెయ్యనూ లేరు.

తెలుగు ట్రాన్స్‌క్రిప్ట్‌లతో పనిచేసేవాళ్లకు ఇక్కడ ఒక మాట. మన మాటల్లో ఈ ముడులు చాలాసార్లు విడి పదాలుగా ఉండవు, క్రియ చివరే అంటుకుని ఉంటాయి. ఉంటే, లేకపోతే, చెప్పినా, అయ్యేసరికి, రాబట్టి. కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో "ఎందుకంటే" అని వెతికి, వచ్చిన నాలుగు ఫలితాలతో సంబంధాలన్నీ దొరికేశాయనుకోవద్దు. వెతుకులాట ఒక మొదలు మాత్రమే. కూర్చుని చదవాల్సిందే, ముఖ్యంగా "-తే", "-నా" దగ్గర ఆగాలి. "-తే" దగ్గర షరతు ఉంటుంది, "-నా" దగ్గర మనం ఎదురుచూసిన సంబంధం జరగలేదన్న సంగతి ఉంటుంది. రెండోది ఇంకా విలువైనది.

దేన్ని దేనితో కలుపుతున్నాం?

సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు ఇది తేల్చుకోవాలి, లేకపోతే మెనూల్లో తప్పిపోతాం. కలపడానికి మన దగ్గర నాలుగు రకాల వస్తువులున్నాయి: ట్రాన్స్‌క్రిప్ట్‌లోని ఫలానా ముక్క, కోడ్, మనిషి లేదా సంస్థ అనే కేసు, మనం రాసుకున్న మెమో.

ముక్కకూ ముక్కకూ మధ్య లింక్ అంటే "ఈ మనిషి మూడో పేజీలో చెప్పినదాన్ని పదో పేజీలో తనే కాదన్నారు" లాంటిది. అది ఆ రెండు చోట్లకే పరిమితం. కోడింగ్‌కు వాడే సాఫ్ట్‌వేర్‌లలో ఒకటైన అట్లాస్ టీఐలో దీన్ని హైపర్‌లింక్ అంటారు. ఒక కొటేషన్‌ను (గుర్తుపెట్టిన ముక్కకు అక్కడ ఇదే పేరు) లింక్ మొదలుగా, ఇంకో కొటేషన్‌ను లింక్ చివరగా ఎంచుకుని, మధ్యలో సంబంధం పేరు పెడతాం. సమర్థిస్తుంది, ఖండిస్తుంది, వివరిస్తుంది, విస్తరిస్తుంది, కొనసాగుతుంది లాంటి పేర్లు అందులో ముందే ఉంటాయి, మన సొంతవి కూడా చేర్చుకోవచ్చు. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ ఎన్‌వివోలో దీనికి దగ్గరగా ఉండేది సీ ఆల్సో లింక్. ఒక ముక్కనుంచి ఇంకో ఫైల్‌కో, అందులోని ఫలానా చోటుకో దారి వేస్తుంది, అయితే దానికి రకం పేరు ఉండదు, దారి మాత్రమే. మూడో సాఫ్ట్‌వేర్ మాక్స్‌క్యూడీఏలో డాక్యుమెంట్ లింక్ రెండు చోట్లను జతచేస్తుంది, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు వెళ్లొచ్చు.

కోడ్‌కూ కోడ్‌కూ మధ్య సంబంధం ఇంతకంటే చాలా పెద్ద మాట. "నిద్రలేమి సరిచూసుకోవడానికి దారితీస్తుంది" అని కోడ్‌ల స్థాయిలో కలిపారంటే మీరు ఒక మనిషి గురించి కాకుండా మీ ప్రాజెక్ట్ మొత్తం గురించి చెబుతున్నట్టు. ఒక్క ఇంటర్వ్యూ చదివి వెంటనే ఈ స్థాయిలో గీత గీయడం తొందరపాటు. నా సలహా ఏంటంటే, మొదట ముక్కల స్థాయిలో కలుపుతూ పోండి, ఒకే రకం లింక్ వేరువేరు మనుషుల మాటల్లో కనిపించడం మొదలయ్యాక కోడ్‌ల స్థాయికి ఎక్కించండి.

కేసుల మధ్య సంబంధాలు వేరే దారి. ఎవరు ఎవరి కింద పనిచేస్తారు, ఎవరు ఎవరిని సలహా అడుగుతారు లాంటివి. మీ పరిశోధన ప్రశ్న మనుషుల మధ్య బంధాల గురించి అయితేనే వీటి జోలికి వెళ్లండి. అప్పుడు మాత్రం చాలా పనికొస్తాయి, ఎన్‌వివోలో వీటినుంచి సోషియోగ్రామ్ (మనుషుల మధ్య బంధాలను చూపే బొమ్మ) కూడా గీయించవచ్చు.

మెమో లింక్ గురించి ఎక్కువ చెప్పను, నాలుగో పాఠంలో చూశాం. ఒక్క సంగతి మరిచిపోవద్దు: ఎన్‌వివోలో ఒక ఐటమ్‌కు (ఫైల్, కోడ్ లాంటిదానికి) ఒకే మెమోను లింక్ చేయగలం, ఒక మెమో కూడా ఒకే ఐటమ్‌కు అతుక్కుంటుంది. రెండు కోడ్‌ల గురించి కలిపి రాసిన మెమో ఉంటే దాన్ని సీ ఆల్సో లింక్‌లతో కలుపుకోవాలి.

పేరెంట్ కోడ్ కింద పెట్టడం కారణం చెప్పడం కాదు

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే కొత్తవాళ్ల ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే చిక్కు ఇదే.

ఈ రంగంలో తొలి సాఫ్ట్‌వేర్‌లలో ఒకటైన నుడిస్ట్ 1981లో మెల్‌బోర్న్‌లోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది, లిన్ రిచర్డ్స్, టామ్ రిచర్డ్స్ తయారుచేశారు. కోడ్‌లను చెట్టులా పైనుంచి కిందికి కొమ్మలుగా అమర్చడం దాని ప్రత్యేకత. ఆ తర్వాత అదే ఇంటినుంచి ఎన్‌వివో వచ్చింది. 1989లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మొదలైన అట్లాస్ ప్రాజెక్ట్ (అట్లాస్ టీఐ దీన్నుంచే వచ్చింది) ఇంకో దారి పట్టింది, అక్కడ చెట్టుకంటే వలకు ప్రాధాన్యం, ఏ కోడ్‌నైనా ఏ కోడ్‌తోనైనా పేరున్న గీతతో కలపొచ్చు. ఇవాళ రెండు సదుపాయాలూ పెద్ద సాఫ్ట్‌వేర్‌లన్నిటిలో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. అయినా స్క్రీన్ మీద ఎడమవైపు ముందుగా కనిపించేది చెట్టే కాబట్టి, అన్ని సంబంధాలనూ చెట్టులోనే ఇరికించాలని చెయ్యి లాగుతుంది.

'టెన్షన్' అని పేరెంట్ కోడ్ (చెట్టులో పైన ఉండే కోడ్) పెట్టి దాని కింద 'నిద్రలేమి', 'కొత్తవాళ్ల బాధ్యత' పెడతారు, ఎందుకంటే వాటివల్ల టెన్షన్ వస్తోంది కదా అని. చెట్టులో పైకీ కిందికీ ఉండే సంబంధం ఒక్కటే: కిందిది పైదాంట్లో ఒక రకం. నిద్రలేమి టెన్షన్‌లో ఒక రకం కాదు. అలా పెడితే ఏం జరుగుతుందో చూడండి. పేరెంట్ కోడ్‌లోకి పిల్ల కోడ్‌ల ముక్కలన్నీ కలిపి చూపించమంటే, నిద్ర సరిపోలేదని మామూలుగా చెప్పినవాళ్లు కూడా టెన్షన్ లెక్కలోకి వచ్చేస్తారు. పైగా నిద్రలేమికి మూడు పర్యవసానాలుంటే దాన్ని మూడుచోట్ల పెట్టాలి, అప్పుడు ఒకే కోడ్‌కు మూడు కాపీలు, వాటిలో దేంట్లో కోడ్ చేశామో గుర్తుండదు.

ఒక పరీక్ష ఉంది. పిల్ల కోడ్ పేరు చెప్పి "ఇది ఒక రకమైన..." అని పేరెంట్ పేరుతో వాక్యం పూర్తిచేయండి. వాక్యం కుదిరితే చెట్టులో ఉంచండి. "దీనివల్ల", "దీనికోసం", "ఇది ఉన్నప్పుడు" అని చెప్పాల్సి వస్తే దాన్ని చెట్టులోంచి బయటికి తీసి, సంబంధంగా నమోదు చేయండి.

పేరు, దిశ

ఎన్‌వివోలో రిలేషన్‌షిప్ తయారుచేయాలంటే ముందు దాని రకం ఉండాలి. రకానికి మూడు దిశల్లో ఒకటి ఇస్తాం. ఊరికే కలిసి ఉన్నాయనే మామూలు గీత, ఒకవైపు బాణం, రెండువైపులా బాణం. మీరేమీ తయారు చేయకపోతే 'అసోసియేటెడ్' అనే రకం ఒకటి సిద్ధంగా ఉంటుంది. దాన్ని వాడకండి అని అననుగానీ, దాన్ని వాడిన ప్రతిసారీ "ఏమిటో ఇంకా తేలలేదు" అని చెబుతున్నట్టు లెక్క. ఇంకా తేలని చోట అది నిజాయితీ గల గుర్తే. మూడు నెలల తర్వాత కూడా గీతలన్నీ అదే రకంలో ఉంటే మాత్రం సంబంధాలు రాసినట్టు కాదు.

అట్లాస్ టీఐలో కోడ్‌ల మధ్య వాడటానికి కొన్ని సంబంధాలు ముందే ఉంటాయి: దీనితో కలిసి ఉంటుంది, దీనిలో భాగం, దీనికి కారణం, దీన్ని ఖండిస్తుంది, ఇది ఒక రకం, ఇది దీని లక్షణం. ప్రతిదానికీ వెనకాల ఒక గుణం కూడా రాసి ఉంటుంది. 'ఖండిస్తుంది' అటూ ఇటూ సమానం, అంటే అది దీన్ని ఖండిస్తే ఇది దాన్ని ఖండించినట్టే. 'భాగం' అన్నది గొలుసులా ముందుకు పాకుతుంది, ఒకటి రెండోదానిలో భాగమై, రెండోది మూడోదానిలో భాగమైతే, ఒకటి మూడోదానిలో కూడా భాగమే.

ఇక్కడ జాగ్రత్త. 'కారణం' కూడా అందులో అలా పాకే గుణంతోనే వస్తుంది. తర్కం పుస్తకానికి అది సరే. ఇంటర్వ్యూలకు? మొదటి నర్సు నిద్ర లేక రెండుసార్లు సరిచూసుకుంటున్నానన్నారు. వేరే వార్డులో ఇంకొకరు రెండుసార్లు సరిచూడటం వల్ల మందులు ఇచ్చేసరికి ఆలస్యమవుతోందన్నారు. రెండూ కలిపితే నిద్రలేమి వల్ల ఆలస్యం అనే గొలుసు తయారవుతుంది. బొమ్మలో చాలా అందంగా ఉంటుంది. ఆ మాట అన్నవాళ్లు ఎవరూ లేరు. అలాంటి గొలుసు కనబడినప్పుడు సంతోషించండి, తర్వాతి ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న దొరికిందన్నమాట. ఫలితంగా మాత్రం రాయకండి. నేనైతే 'కారణం' అనే పదం బదులు 'దారితీస్తుందని చెప్పారు' అని సొంత రకం తయారుచేసుకోమంటాను, అందులో పాకే గుణం పెట్టకుండా.

రకాలు ఎన్ని ఉండాలి? ఐదారు చాలు. దారితీస్తుంది, తగ్గిస్తుంది, అడ్డుపడుతుంది, షరతుగా ఉంటుంది, విరుద్ధంగా ఉంది, ఇంకా తేలలేదు. వీటితో చాలా ప్రాజెక్టులు నడిచిపోతాయి. ప్రతి రకానికీ రెండు వాక్యాల నిర్వచనం రాసుకోండి, కోడ్‌బుక్‌లో (కోడ్‌ల నిర్వచనాల జాబితాలో) కోడ్‌కు రాసినట్టే. ఇద్దరు కలిసి పనిచేస్తుంటే ఇది తప్పనిసరి, ఒకరి 'తగ్గిస్తుంది' ఇంకొకరి 'అడ్డుపడుతుంది' కాకూడదు. గ్రౌండెడ్ థియరీ (డేటాలోంచే సిద్ధాంతం కట్టే పరిశోధన పద్ధతి) చదివినవాళ్లకు స్ట్రాస్, కార్బిన్ చెప్పిన యాక్సియల్ కోడింగ్, అంటే కోడ్‌లను ఒకదానితో ఒకటి కలిపే దశ, గుర్తొచ్చి ఉంటుంది, పరిస్థితి, చర్య, పర్యవసానం అని. ఆ చట్రం మీకు నచ్చితే రకాల పేర్లు దాన్నుంచే తీసుకోండి. నచ్చకపోతే బలవంతం లేదు, సంబంధాలు నమోదు చేయడానికి గ్రౌండెడ్ థియరీయే చేయాలని ఎక్కడా లేదు.

మన ముక్కలో ఇంకో చిక్కు మిగిలింది. సీనియర్ తోడు టెన్షన్‌ను ఎప్పుడూ తగ్గిస్తుందా, లేక నిద్రలేమి వల్ల వచ్చే టెన్షన్‌ను మాత్రమే తగ్గిస్తుందా? రెండోదే అయితే బాణం కోడ్ మీదికి కాదు, ఇంకో బాణం మీదికి వెళ్లాలి. సాధారణంగా బాణానికి రెండు చివర్లా ఒక ఐటమ్ ఉండాలి కాబట్టి ఇది నేరుగా గీయడానికి ఇబ్బంది పెడుతుంది. అలాంటప్పుడు 'సీనియర్ తోడు' నుంచి 'టెన్షన్'కు 'తగ్గిస్తుంది' అని పెట్టి, ఏ పరిస్థితిలో అన్నది లింక్ కామెంట్‌లో వాక్యంగా రాసేయండి. వాక్యం పట్టుకోగలిగినదాన్ని బొమ్మతోనే చెప్పాలని పట్టుబట్టనవసరం లేదు.

ఆధారం ఎక్కడ పెట్టాలి?

ఎన్‌వివోలో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. అందులో రిలేషన్‌షిప్ అనేది కూడా ఒక రకం కోడే. అంటే 'నిద్రలేమి → దారితీస్తుంది → సరిచూసుకోవడం' అన్నదాన్ని తయారుచేశాక, మామూలు కోడ్‌కు చేసినట్టే ట్రాన్స్‌క్రిప్ట్ ముక్కలను దాని మీద కోడ్ చేయొచ్చు. ఆవిడ చెప్పిన మొదటి రెండు వాక్యాలను కలిపి గుర్తుపెట్టి ఆ సంబంధానికి ఇచ్చేయండి. తర్వాత ఎప్పుడు డబుల్ క్లిక్ చేసినా ఆ సంబంధాన్ని చెప్పిన ముక్కలన్నీ ఒకచోట కనబడతాయి. రిలేషన్‌షిప్ తయారుచేసి దాని మీద ఏదీ కోడ్ చేయకుండా వదిలేస్తే ఈ సదుపాయమంతా వృథా. జాబితాలో ముక్కల లెక్క సున్నా ఉన్న సంబంధాలు మీ ఊహలు. ఊహలు ఉండొచ్చు, కానీ అవి ఊహలని తెలిసేలా ఉండాలి. నేను వాటి పేరు లేదా వివరణ ముందు 'ఊహ' అని చేర్చమంటాను.

కోడ్ చేసేటప్పుడు ముడి పడిన చోటు మొత్తం రావాలి. కారణం ఒక వాక్యంలో, పర్యవసానం తర్వాతి వాక్యంలో ఉంటే రెండూ కలిపి తీసుకోండి. మధ్యలో ఇంటర్వ్యూ చేసినవాళ్ల ప్రశ్న ఉంటే దాన్నీ వదలకండి. "అంటే నిద్ర లేకపోవడం వల్లేనా?" అని మనమే అడిగి, వాళ్లు "ఆ, అంతే" అంటే, ఆ సంబంధం సగం మనదే కదా.

అట్లాస్ టీఐలో పద్ధతి వేరు. కోడ్‌ల మధ్య గీత ప్రాజెక్ట్ అంతటికీ ఒక్కసారే ఉంటుంది, ఆ రెండు కోడ్‌లూ కనిపించే ప్రతి నెట్‌వర్క్‌లోనూ (అట్లాస్ టీఐలో గీసే సంబంధాల బొమ్మలోనూ) ఆ గీత వస్తుంది. ఆధారం ముక్కలు ఆ గీతకు నేరుగా అతుక్కోవు. రెండు దారులున్నాయి. లింక్ కామెంట్‌లో ఏ కొటేషన్ చూసి ఈ గీత గీశామో రాసుకోవడం ఒకటి. ఆ కొటేషన్ల మధ్య హైపర్‌లింక్‌లు ముందే పెట్టుకుని, నెట్‌వర్క్‌లో కోడ్‌లతోపాటు ఆ కొటేషన్లనూ తెచ్చి చూపించడం రెండోది. రెండోది పని ఎక్కువ, కానీ గైడ్‌గారు "ఇది ఎక్కడిది?" అని అడిగినప్పుడు అక్కడికక్కడే తెరిచి చూపించొచ్చు.

విరుద్ధమైనవి దొరికినప్పుడు పాత సంబంధాన్ని తీసేయకండి. "నిద్ర లేకపోయినా డోసుల దగ్గర నాకేం మారదు, ఎప్పుడూ ఒకేలా చూస్తాను" అని ఇంకొకరు అన్నారనుకోండి. ఇది మొదటిదాన్ని కొట్టేయడం లేదు, దాని హద్దు ఎక్కడుందో చెబుతోంది. 'విరుద్ధంగా ఉంది' అనే లింక్‌తో ఆ రెండు ముక్కలనూ కలపండి. తర్వాత ఆ ఇద్దరి మధ్య తేడా ఏమిటో వెతకండి, అనుభవమా, వార్డా, డ్యూటీల వరసా. మంచి పరిశోధనా వ్యాసంలో చదివేవాళ్లను పట్టినిలిపే పేరా చాలాసార్లు ఇలాంటి లింక్ దగ్గరే పుడుతుంది.

పక్కపక్కన ఉన్నంత మాత్రాన సంబంధం కాదు

సాఫ్ట్‌వేర్‌లో రెండు కోడ్‌లు ఎన్నిసార్లు కలిసి వచ్చాయో లెక్కపెట్టే పట్టికలుంటాయి. అట్లాస్ టీఐలో కో-ఆకరెన్స్, మాక్స్‌క్యూడీఏలో కోడ్ రిలేషన్స్ బ్రౌజర్, ఎన్‌వివోలో మ్యాట్రిక్స్ కోడింగ్ క్వెరీ. ఇవి మంచి పనిముట్లే. కానీ అందులో వచ్చే అంకె సంబంధం కాదు. 'నిద్రలేమి', 'సరిచూసుకోవడం' పట్టికలో పన్నెండుసార్లు కలిసి వచ్చాయంటే, ఆ రెండు కోడ్‌లూ పన్నెండు చోట్ల ఒకే ముక్క మీదో దగ్గరదగ్గరగానో పడ్డాయని మాత్రమే అర్థం. పైన కాదన్న నర్సు మాట కూడా ఆ పన్నెండులో ఒకటిగా చేరిపోతుంది. యంత్రానికి "వల్ల" అన్నా, "లేకపోయినా" అన్నా ఒకటే లెక్క. ఇంకోటి, మీరు పెద్దపెద్ద పేరాలకు కోడ్ పెట్టే అలవాటున్నవాళ్లయితే అంకెలు పెరుగుతాయి, వాక్యం వాక్యానికి పెట్టేవాళ్లయితే తగ్గుతాయి. అది మీ అలవాటును కొలుస్తోంది, డేటాను కాదు.

మరి ఎందుకు వాడాలి? ఎక్కడ చదవాలో చెబుతుంది కాబట్టి. నలభై కోడ్‌లుంటే జతలు 780 అవుతాయి, దిశ కూడా లెక్కపెడితే 1560. అన్నీ పరిశీలించడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. పట్టికలో పెద్ద అంకె ఉన్న గడి తెరిచి, ముక్కలన్నీ చదివి, ముడి నిజంగా ఉంటే అప్పుడు సంబంధంగా నమోదు చేయండి. ఒకసారి సున్నా ఉన్న గడులు కూడా చూడండి. తప్పకుండా కలిసి వస్తాయనుకున్న రెండు కోడ్‌లు ఎక్కడా కలవకపోతే, అది కూడా వార్తే.

బొమ్మలో గీసిన గీతలు

దీన్ని త్వరగా చెప్పేస్తాను, కానీ దీనివల్ల పని పోగొట్టుకోవచ్చు, గుర్తుంచుకోండి. ఎన్‌వివోలో కాన్సెప్ట్ మ్యాప్ మీద రెండు కోడ్‌ల మధ్య గీత గీస్తే రిలేషన్‌షిప్ తయారవదు, అది బొమ్మలో గీత మాత్రమే. ప్రాజెక్ట్ మ్యాప్ ముందే నమోదైన సంబంధాలను చూపిస్తుంది, కాన్సెప్ట్ మ్యాప్ మీ చేతి గీతలను చూపిస్తుంది. మాక్స్‌క్యూడీఏలో బొమ్మలు గీసే భాగమైన మాక్స్‌మ్యాప్స్‌లో మీరు సొంతంగా గీసే గీతలు కూడా ఆ బొమ్మకే పరిమితం. అట్లాస్ టీఐ నెట్‌వర్క్‌లో దీనికి పూర్తిగా ఉల్టా: అక్కడ గీసిన గీత ప్రాజెక్ట్‌లోకి వెళ్లిపోతుంది, అక్కడ తెంపిన గీత ప్రాజెక్ట్‌నుంచే పోతుంది. బొమ్మ గజిబిజిగా ఉందని గీతలు తీసేయకండి. కోడ్‌ను ఆ బొమ్మలోంచి పక్కకు తప్పించండి, అప్పుడు కోడ్ కూడా పోదు, సంబంధమూ పోదు.

సాఫ్ట్‌వేర్‌లో వీలు లేకపోతే

ఉచితంగా దొరికే టాగెట్ అనే సాఫ్ట్‌వేర్ చాలా తేలిక, కానీ అందులో హైలైట్, ట్యాగ్ తప్ప లింక్‌లు లేవు. అందరికీ ఖరీదైన లైసెన్స్ దొరకదు, అందువల్ల పని ఆగిపోకూడదు. ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. ఒక్కో వరసలో ఒక్కో సంబంధం రాయండి. మొదటి కోడ్, సంబంధం రకం, రెండో కోడ్, ఎవరి మాట అన్నది (వాళ్లు చెప్పారా, నేను చదివానా), ఏ ఇంటర్వ్యూలో ఏ చోట, రాసిన తేదీ, ఒక వాక్యం వ్యాఖ్య. ఒకే సంబంధాన్ని ఐదుగురు చెబితే ఐదు వరసలు రాయండి, ఒక వరసలో కుక్కవద్దు, తర్వాత వడపోసి చూసుకోవడానికి అదే పనికొస్తుంది.

నిజానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు కూడా ఈ పట్టికను పక్కన ఉంచుకోవడం మేలు. ప్రాజెక్టులను ఒక సాఫ్ట్‌వేర్‌నుంచి ఇంకోదానికి తీసుకెళ్లడానికి రెఫీ-క్యూడీఏ అనే ఉమ్మడి ప్రమాణం ఉంది, 2019నుంచి మొత్తం ప్రాజెక్టును క్యూడీపీఎక్స్ ఫైల్‌గా ఎగుమతి చేసుకోవచ్చు. ట్రాన్స్‌క్రిప్ట్‌లు, కోడ్‌లు, కోడ్ చేసిన ముక్కలు బాగానే వెళ్తాయి. సంబంధాల విషయంలో ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో పద్ధతి కాబట్టి, పేరూ దిశా ఆధారంతో సహా అన్నీ అలాగే అవతల దిగుతాయని లెక్కపెట్టుకోవద్దు. యూనివర్సిటీ లైసెన్స్ అయిపోయే రోజు వస్తుంది, అప్పుడు ఈ పట్టికే మీ చేతిలో ఉంటుంది.

అభ్యాసం

మీ ట్రాన్స్‌క్రిప్ట్‌లలో బాగా మాట్లాడినవాళ్లది ఒకటి తీసుకోండి. కోడ్‌లు దాచేసి, మాటలు మాత్రమే చదవండి. ముడి కనిపించిన ప్రతి చోటా గుర్తు పెట్టండి, షరతులు, కారణాలు, "అయినా"లు. తర్వాత కోడ్‌లు తెరిచి, ఆ ముడికి అటూ ఇటూ కోడ్‌లున్నాయో లేదో చూడండి. ఒకవైపు కోడ్ లేకపోతే కోడ్ జాబితాలో లోటు ఉందన్నమాట, ఇప్పుడే చేర్చండి. ఆ తర్వాతే సంబంధాల రకాలు రాసుకుని, పైన చెప్పినట్టు ఒక్కోదాన్ని ఆధారంతో నమోదు చేయండి. వాళ్లు చెప్పినవి, మీరు చదివినవి వేరువేరుగా ఉండాలి.

రెండో ట్రాన్స్‌క్రిప్ట్‌కు వెళ్లినప్పుడు మొదటిదాంట్లో దొరికిన సంబంధాల జాబితా ముందు పెట్టుకోకండి. ఖాళీగా చదివి, అయ్యాక పోల్చండి. రెండిట్లోనూ వచ్చినవాటిలో ఒకటి, ఒకదాన్నొకటి కాదన్నవాటిలో ఒకటి ఎంచుకుని, ఒక్కోదాని గురించి అరపేజీ మెమో రాయండి. ఎనిమిదో పాఠంలో ఆ రెండు మెమోలనుంచే ఫలితాల అధ్యాయంలోని ఒక పేరా ఎలా రాయాలో చూద్దాం, కాబట్టి అవి దగ్గర ఉంచుకోండి.